ఇట్లు, తమ విధేయుడు ఎక్స్ ఎక్స్ ఎక్స్

గత వేసవిలో ఒక సాయంత్రం నా పూర్వ విద్యార్థి ఒకడు సూర్యాపేటలోని మా ఇంటికి వచ్చాడు. వానిది కోదాడ దగ్గరి పల్లె. ఇంజనీరింగు పూర్తిచేసి రెండేళ్లు దాటింది. మరునాడు ఒక సిమెంటు కర్మాగారంలో ఇంటర్వ్యూ ఉన్నదట. "సార్, మీ చేత్తోటి ఒక్కసారి ముట్టి ఇయ్యుండ్రి" అని ప్లాస్టిక్ కవరులోని రెండు కాగితాలు నాకందించాడు. అది వాని రెజ్యూమే. ఆశీర్వదించి ఇవ్వవలసిన కాగితాన్ని కూడా చదవకుండా వదలలేకపోవడం పంతుళ్ల రోగం. కళ్లజోడు తెచ్చుకున్నాను.

పైన వాని పేరూ ఫోటో ఉన్నాయి. దాని కింద 'కెరీర్ ఆబ్జెక్టివ్' అనే శీర్షికతో నాలుగు పంక్తుల ఆంగ్లం. సవాళ్లతో కూడిన ఉద్యోగం సంపాదించి, తన నైపుణ్యాలను వినియోగించి, సంస్థ అభివృద్ధికీ తన అభివృద్ధికీ పాటుపడటమే తన ధ్యేయమని దాని తాత్పర్యం. ఆపైన తాను కష్టజీవిననీ, పదిమందితో కలిసి పనిచేయగలననీ, త్వరగా నేర్చుకుంటాననీ మూడు విశేషణాలు. అభిరుచులు: సంగీతం వినడం, పుస్తకాలు చదవడం, క్రికెట్టు. రెండవ పుట అడుగున, పై వివరాలన్నీ యథార్థములని ప్రకటించే ప్రమాణం. దాని కింద స్థలం ఖమ్మం. సంతకం గీత కింద అచ్చయిన పేరు వీనిది కాదు. తండ్రి పేరు కూడా వీని తండ్రిది కాదు.

"ఎవరు నాయనా ఈయన?" అన్నాను.

వాడు తొంగిచూసి నాలుక కరచుకున్నాడు. "నెట్ సెంటర్ల ఫైలు ఉంటది సార్. అందరికి గదే. పేరు, మార్కులు మార్చి ప్రింటు తీసిస్తరు. కింద మార్చుడు మర్శిపోయినట్టుండు."

"ఇప్పటికి ఎన్నిచోట్ల ఇచ్చావు?"

"పదకొండు సార్."

పదకొండు కార్యాలయాలలో నా శిష్యుడు, ముక్కూమొగమూ ఎరుగని ఒక ఖమ్మం వాసి పేరుమీద, అంతా యథార్థమేనని ప్రమాణం చేసి సంతకం పెట్టి వచ్చాడు. ఆ పదకొండు చోట్లా ఒక్కరైనా ఇదేమిటని అడగలేదంటే వారెవరూ రెండవ పుట దాకా చదవలేదన్నమాట. అప్పుడు నేను నవ్వాను. వాడూ నవ్వాడు. పేరు దిద్దించి పంపాను. రాత్రి పడుకున్నాక మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే ఈ విద్య వానికి నేర్పినవాణ్ని నేనే.

పదవ తరగతి పరీక్షలో లేఖ రాయమనే ప్రశ్న మీరందరూ రాసినదే. జవాబుపత్రంలో విద్యార్థి తన అసలు పేరు రాయకూడదు. రాస్తే దిద్దేవారికి గుర్తు తెలుస్తుంది. కనుక 'ఇట్లు, తమ విధేయుడు' అన్న తరువాత మూడు ఇంటూ గుర్తులు పెట్టమంటాము. పరీక్షవరకు అది న్యాయమే. కాని నేను ముప్పై ఏళ్లకు పైగా ఏం చేశానంటే, ఆరవ తరగతి నుంచే ఆ అలవాటు చేయించాను. నోటుపుస్తకంలో, యూనిట్ పరీక్షలో, ఇంటిపనిలో, అన్నింటా ఎక్స్ ఎక్స్ ఎక్స్. సెలవుచీటీ అంటే జ్వరం తప్ప మరో కారణం ఒప్పుకోలేదు. మిత్రునికి లేఖ అంటే నేను నల్లబల్లమీద రాసిన నాగార్జునసాగరు విహారయాత్రే. బడి మొత్తంలో ఒక్కరు కూడా సాగరు చూడని సంవత్సరం సైతం నలభై మంది చూసివచ్చినట్లు రాశారు. నలభై మందికీ నేను మార్కులు వేశాను. ఒకసారి ఏడవ తరగతి అమ్మాయి ఒకతె, "మా బర్రె ఈనింది, అమ్మకు ఆసర ఉండాలె, రెండు దినాలు సెలవు ఇయ్యండి" అని రాసుకొచ్చింది. ఎర్రసిరాతో కొట్టివేసి 'జ్వరము' అని దిద్దాను. ఆ ఏడు నా తరగతిలో ఎవరైనా లేఖ అనదగినది రాసివుంటే అది ఆ పిల్ల ఒక్కతే.

మా విశ్రాంత ఉపాధ్యాయుల కూడికలో ఈ ప్రస్తావన తెచ్చాను. ఒక మిత్రుడు, "తెలుగు మాధ్యమం పిల్లలకు అంతకన్న ఏమొస్తుందయ్యా" అని నిట్టూర్చాడు. మరొకాయన, "రెజ్యూమే ఇంగ్లీషు వాళ్ల వ్యవహారం, నీకెందుకు పండితా" అన్నాడు. ఈ టపా ఆ ఇద్దరితో తగాదా.

మొదటి మాట పచ్చి అబద్ధం. ఆ నెట్ సెంటరు ఫైలుకు మాధ్యమభేదం లేదు. హైదరాబాదులో లక్షలు పోసి ఎల్‌కేజీ నుంచి ఆంగ్లంలో చదివిన మా బంధువుల పిల్లల రెజ్యూమేలు అడిగి తెప్పించుకుని చూశాను. అవే నాలుగు పంక్తులు, అవే మూడు విశేషణాలు, అదే సంగీతం వినడం. మా కోదాడ కుర్రవాని కాగితంలో ఆంగ్లవ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు. అన్యుల వాక్యాలలో తప్పులెందుకుంటాయి? లోటు భాషది కాదు. అందులో వాడు లేడు, అంతే. తనను గురించి తాను పది వాక్యాలు రాయమని పదహారేళ్ల చదువులో ఏ భాషలోనూ వాణ్ని ఎవరూ అడగలేదు. ఆ పాపంలో తెలుగు పండితునికి సింహభాగం ఉన్నది గనుక, రెండవ మిత్రుని ప్రశ్నకు జవాబు కూడా అదే.

మన ప్రాంతానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. సూర్యాపేట గ్రంథాలయానికి వెళ్లిచూడండి, ఏ వేళనైనా పోటీపరీక్షల పుస్తకాల మీద వంగిన తలలే. నీళ్లు, నిధులు, నియామకాలు అని నినదించిన నేల ఇది. నియామకం అంటే ఇక్కడ సర్కారు కొలువే. దానికి రెజ్యూమే అక్కరలేదు. ఇంటర్వ్యూ కూడా చాలావాటికి లేదు. కేంద్రప్రభుత్వం కిందిస్థాయి కొలువులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసివేసింది. మన రాష్ట్రంలో గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లో తీసివేశారు. సిఫారసులకు తావులేకుండా పోయింది, మంచిదే. కాని పిల్లవాడు ఇరవైరెండేళ్ల నుంచి ముప్పై దాకా హాల్‌టికెట్టు నంబరుగా బతికి, వయసు మీరి, ఆశ తీరి, మట్టంపల్లి మేళ్లచెరువుల సిమెంటు కర్మాగారాల గేటు ముందో, మిర్యాలగూడ బియ్యం మిల్లు ఆఫీసు ముందో, దామరచర్ల థర్మల్ కేంద్రంలో పనిచేసే ఏ కాంట్రాక్టరు గదిముందో నిలబడ్డప్పుడు, "నీ గురించి చెప్పు" అన్న మాట జీవితంలో తొలిసారి వింటాడు. వాని నోట ఏమొస్తుంది? ఎక్స్ ఎక్స్ ఎక్స్.

మావాని ఇంటర్వ్యూ అలాగే ముగిసింది. ఆదివారం మళ్లీ వచ్చి చెప్పాడు. పుస్తకాలు చదువుతానన్నావు, ఈమధ్య చదివినదేమిటని అడిగారట. వీడు మౌనం. ఈ రెండేళ్లు ఏం చేశావని అడిగారట. "ఖాళీగ ఉన్న సార్" అన్నాడట.

"నిజంగా ఖాళీగా ఉన్నావా?"

"అంటే, మా ఊళ్లె ఐకేపీ సెంటర్ల చేసిన సార్, రెండు సీజన్లు. గది ఉద్యోగం కాదు కద."

ధాన్యం కొనుగోలు కేంద్రం అంటే ఏమిటో ఈ జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. అమెరికాలో ఉండి చదివేవారికి మాత్రం నాలుగు మాటలు. సాగరు ఎడమకాలువ కింద కోతలు మొదలయ్యాక ఊరి కల్లాలన్నీ వడ్లరాశులే. కేంద్రంలో ప్రతి రాశిలోనూ యంత్రం పెట్టి తేమ చూడాలి. 17 శాతం దాటితే కొనరాదు. ఇంకా ఆరబెట్టుకొమ్మని రైతును ఒప్పించాలి, ఆ రైతు వరుసకు పెద్దనాయనో మేనమామో అయివుంటాడు. వరుసప్రకారం టోకెన్లు రాయాలి. కాంటా దగ్గర నిలబడాలి. లారీకెక్కిన బస్తాలకూ మిల్లులో దిగిన బస్తాలకూ లెక్క కలపాలి. తరుగు పేరిట కోత పెడితే మిల్లు గుమాస్తాతో ఫోనులో వాదించాలి. అర్ధరాత్రి మబ్బు పడితే టార్పాలిన్ల కోసం పరుగెత్తాలి. ఇవన్నీ వీడు చేశాడు. లెక్కవేసి చెప్పమంటే, రెండు సీజన్లకు కలిపి ముప్పైవేల బస్తాలకు పైగా వాని చేతిరాతమీద వెళ్లాయన్నాడు. తేమ, తూకం, బస్తా, లారీ, లెక్క! సిమెంటు కర్మాగారం వాడు ఇంతకన్న ఏమి కోరతాడు? వీడు మాత్రం ఆ గదిలో కూర్చుని, ఖాళీగా ఉన్నానని చెప్పి వచ్చాడు.

తెల్లకాగితం ఇచ్చి, ఇదంతా తెలుగులో రాయమన్నాను. "ఇంగ్లీషుల కద సార్ కావాల్సింది?" అన్నాడు. ముందు తెలుగులో అన్నాను. అరగంట కలం కదలలేదు. తరువాత ఆగలేదు. 'చూశాను, రాశాను, కలిపాను, పంపాను, వాదించాను' అని ఉత్తమపురుష క్రియలు వరుసగా దిగాయి. నేను పట్టుబట్టేది ఇదొక్కటే: రెజ్యూమేకు ప్రాణం క్రియ. కష్టజీవి అన్న విశేషణాన్ని ఎవరి ఫైలులోనుంచైనా తెచ్చి అతికించుకోవచ్చు. ముప్పైవేల బస్తాల లెక్క కలిపాను అన్న వాక్యం వాడొక్కడే రాయగలడు. తెలుగులో అర్థం కుదిరినాక దానిని ఆంగ్లంలోకి మార్చడం ఇంటర్మీడియెట్ చదివినవానికి కష్టంకాదు. చిన్న వాక్యాలు, భూతకాల క్రియలు, పక్కన అంకెలు. మేమిద్దరం కలిసి మూడు గంటలలో ముగించాము. ఒకే పుట వచ్చింది.

లోకంలో తొలి రెజ్యూమే 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్చీ మిలాను పాలకునికి రాసుకున్న లేఖ అని శిక్షణ సంస్థలవారు చెబుతుంటారు. చెప్పుకోనివ్వండి. నాకు మాత్రం కౌటిల్యుడు చాలు. మైసూరు శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించిన అర్థశాస్త్రంలో రెండవ అధికరణం పదవ అధ్యాయం లేఖను గురించినదే. రాజశాసనాలు రాసే లేఖకునికి చెప్పిన నియమాలవి. మంచి లేఖకు ఆరు గుణాలు, చెడ్డలేఖకు ఐదు దోషాలు. నేను వాటిని పండిత శిక్షణ రోజుల్లో కంఠస్థం చేసి, పరీక్షలో రాసి, మరచిపోయాను. ఆ ఆదివారం అటకమీద నుంచి దించి చూస్తే, నెట్ సెంటరు గోడమీద వేలాడదీయవలసిన శాసనంలాగ కనిపించింది.

అర్థక్రమం అంటే ప్రధానమైన సంగతి ముందు చెప్పడం. మనవాళ్లు పదవ తరగతి మార్కులతో మొదలుపెట్టి, చేసిన పనిని అడుగున పడేస్తారు. తిరగవేయాలి. ఇటీవలి పని ముందు, పాత చదువు వెనుక. సంబంధం అంటే ముందు చెప్పినదానికి వెనుకటిది అడ్డుతగలకుండటం. పరిపూర్ణత అంటే ఎక్కువా తక్కువా కాకుండా, కారణమూ ఉదాహరణా చూపి చెప్పడం. ఏ సంవత్సరం ఏ నెలనుంచి ఏ నెలదాకా అన్నది ఉండాలి. కులం, మతం, పెండ్లి అయిందా లేదా అన్నవి ఉద్యోగానికి పనికిరాని సంగతులు కనుక ఉండరాదు. స్పష్టత అంటే నలుగురూ ఎరిగిన మాటలు వాడటం.

దోషాలలో మొదటిది అకాంతి: మాసిన కాగితం, ఎగుడుదిగుడు అక్షరాలు, వెలిసిన రాత. జిరాక్సుకు జిరాక్సు తీసిన రెజ్యూమే ఎలా ఉంటుందో కౌటిల్యునికి ఎలా తెలిసిందో! వ్యాఘాతం పరస్పర విరోధం. ఎక్కడికైనా వచ్చి పనిచేస్తానని పైన, కోదాడ పరిసరాలు మాత్రమేనని కింద. పునరుక్తి తెలిసినదే. అపశబ్దం లింగవచన కాలవిభక్తుల తప్పు. ఒక అమ్మాయి రెజ్యూమే ప్రమాణంలో 'ఫలానావారి కుమారుడు' అని చూశాను, అదీ ఫైలు మహిమే. చివరిది సంప్లవం, అంటే విభజించరానిచోట విభజించడం, విభజించవలసినచోట విభజించకపోవడం. ఈ దోషం ఈనాడు మరీ ప్రమాదం. పెద్ద సంస్థలలో రెజ్యూమేను ముందుగా మనిషి చూడడు, సాఫ్ట్‌వేర్ చూస్తుంది. అందం కోసం రెండు వరుసలుగా, డబ్బాలు డబ్బాలుగా కూర్చిన కాగితాన్ని అది చాలాసార్లు కలగాపులగం చేసుకుంటుంది. ఎడమ వరుసలోని కళాశాల పేరు కుడి వరుసలోని ఫోన్ నంబరుకు అతుక్కుంటుంది. కనుక ఒకే వరుసగా, శీర్షికలతో, సాదాగా ఉండాలి.

ఇంటర్వ్యూను గురించి ఎక్కువ చెప్పను. కిష్కింధకాండలో హనుమంతుడు తొలిసారి రామునితో మాట్లాడినదే నాకు తెలిసిన గొప్ప ఇంటర్వ్యూ. ఆయన వెళ్లిపోయాక కాదు, ఎదుట ఉండగానే రాముడు లక్ష్మణునితో ఆ మాటతీరును మెచ్చుకుంటాడు: తప్పుమాట లేదు, తడబాటు లేదు, సాగదీత లేదు. అన్నీ ఉన్నా అక్కడ కూడా హనుమంతుడు మారువేషంలో వెళ్లి, చివరకు తానెవరో ఎవరు పంపగా వచ్చాడో ఉన్నదున్నట్లు చెప్పాకే పని అయింది. మన పిల్లలు మారువేషంలో వెళ్లి మారువేషంలోనే తిరిగి వస్తున్నారు.

ఇక ఇంటర్వ్యూ తరువాతి సంగతి. ఇక్కడ నా తగాదా పిల్లలతోనే, వారి తల్లిదండ్రులతోనే.

మా మేనకోడలి కూతురు మిర్యాలగూడలో బీకాం చదివింది. ఆ పిల్లకూడా తన కాగితంలో రాయని సంగతి ఒకటున్నది: తల్లి ఉన్న మహిళాసంఘం లెక్కల పుస్తకాలు రెండేళ్లు తానే రాసింది, బ్యాంకు లింకేజీ కాగితాలు తానే నింపింది. అది చేర్పించాము. సూర్యాపేటలోని ఒక ఫైనాన్సు కంపెనీలో ఇంటర్వ్యూ బాగానే జరిగిందట. "మేమే చెప్తాం" అన్నారట. నలభై రోజులు గడిచాయి. "అడిగావా అమ్మా?" అంటే, "వాళ్లే చెప్తమన్నరు కద తాతయ్యా. మనం అడిగితె ఏమనుకుంటరో" అన్నది. వాళ్ల నాన్న పక్కనుంచి, "అడుక్కున్నట్టు ఉంటది మామా" అన్నాడు.

బలవంతంగా కూర్చోబెట్టి నాలుగు పంక్తుల వేగు రాయించాను. మరునాడే జవాబు వచ్చింది. మొదట ఎంపికైన వ్యక్తి చేరలేదు. రెండవ పేరు ఈ పిల్లదే. రెజ్యూమేలోని నంబరుకు రెండుసార్లు ఫోను చేశారు, ఎవరూ ఎత్తలేదు. మూడవ వ్యక్తిని తీసుకున్నారు. మూడు వారాలయింది.

నంబరు ఎవరిదని చూస్తే వాళ్ల నాన్నది. ఆడపిల్ల నంబరు బయట ఇవ్వరాదని ఇంట్లో కట్టడి. ఆయన పొలంలో ఉండగా తెలియని నంబరు మోగింది. "లోన్లోల్లు అనుకున్న మామా" అన్నాడు తల వంచుకుని. ఆ పిల్ల ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి అందరికీ టీ పెట్టుకొచ్చింది. ఆ టీ ఎలా తాగానో నాకే తెలుసు.

తల్లిదండ్రులారా, మీ కాళ్లకు దండం పెడతాను, పిల్ల రెజ్యూమేమీద పిల్ల నంబరు ఉండనివ్వండి. భయముంటే దానికొక ప్రత్యేకమైన సిమ్ము కొనివ్వండి. నెల రీఛార్జి ఖర్చు ఎంత, పోయిన జీతమెంత?

అడగడం అడుక్కోవడం కాదు. యాచకుడు తనకు రానిదానిని కోరతాడు. ఇంటర్వ్యూకు పిలిపించుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్లి, ఒక పూట వారికిచ్చి వచ్చినవానికి ఫలితం తెలుసుకునే హక్కు ఉన్నది. ఆ హక్కును మర్యాదగా వినియోగించుకోవడానికి ఒక పద్ధతున్నది. లేచి వచ్చే ముందే, "ఎన్నటిలోగా తెలుస్తుందండీ, ఎవరిని అడగాలి?" అని అడిగి పుస్తకంలో రాసుకోవాలి. ఆ సాయంత్రమే నాలుగు పంక్తులు పంపాలి: పేరు, వచ్చిన తేదీ, ఏ ఉద్యోగానికి, సమయమిచ్చినందుకు కృతజ్ఞత. వీలైతే అక్కడ తడబడి చెప్పలేకపోయిన ఒక్క సంగతి. మావాడు ఆ రాత్రే ఐకేపీ కేంద్రం సంగతి రెండు వాక్యాలలో రాసి పంపివుంటే ఏమయ్యేదో! వారు చెప్పిన గడువు దాటాక ఒక వారం ఆగి మరొక లేఖ. దానికీ జవాబు లేకపోతే పనివేళలలో ఒక్క ఫోను. అంతటితో ఆపి, ముందుకు సాగాలి. ఆ లేఖలో ఇంటి కష్టాలు రాయరాదు. ఎంపికచేసే అధికారికి రోజూ పొద్దున వాట్సాప్‌లో సూర్యోదయం బొమ్మలు పంపరాదు. నవ్వకండి, పంపినవాణ్ని ఎరుగుదును. వచ్చిన వేగులు 'స్పామ్' అనే చెత్తబుట్టలో పడ్డాయేమో వారానికి రెండుసార్లు తడిమిచూడాలి.

జ్ఞాపకం చేయడంలో మన గురువు గోలకొండ చెరసాలలోని రామదాసు. స్వామికి నేరుగా విన్నవించాడు, అమ్మవారి ద్వారా చెప్పించాడు, చివరకు ఖర్చుల లెక్కచెప్పి దెబ్బలాడాడు, దెబ్బలాడినందుకు మన్నించమన్నాడు. ఉద్యోగార్థులు మొదటి రెండింటితో ఆగితే చాలు.

అమ్మవారి ద్వారా అన్నాను గనుక సిఫారసు మాట కూడా. మిర్యాలగూడ మిల్లులలో గుమాస్తా కొలువుకు ప్రకటన ఉండదు. ఎవరో తెలిసినవారు చెబితే పిలుస్తారు. అది తప్పని నేననను. నీ పని ఎరిగినవాడు నీ పనిని గురించి చెప్పడం సాక్ష్యం. నీ కులం ఎరిగినవాడు చెప్పేదీ, డబ్బు తీసుకున్నవాడు చెప్పేదీ సాక్ష్యం కాదు. ఉద్యోగమిచ్చేవాడు జీతమిస్తాడుగాని నీ దగ్గర 'డిపాజిట్టు' అడగడు. అడిగిన క్షణమే లేచి వచ్చేయాలి. అసలు సర్టిఫికెట్లు చూపించి తిరిగి తెచ్చుకోవాలి, అప్పగించి రారాదు. ఇక డబ్బులిచ్చి మూడేళ్ల అనుభవం కొనుక్కునే వ్యాపారం ఒకటున్నది. రెండేళ్లు నిజంగా చేసిన పనిని ఉద్యోగం కాదని దాచిపెట్టి, చేయని పనికి మూడేళ్ల కాగితం కొనడం! సంస్థలు ఆరాతీసి పట్టుకుంటున్నాయి, చేరిన నెలలకు కూడా తీసివేస్తున్నాయి. పట్టుకోకపోయినా నేను ఒప్పుకోను.

ఇప్పుడు నెట్ సెంటరుకు వెళ్లే పని కూడా లేదు. మొన్న ఒకడు చాట్‌జీపీటీ చేత రాయించుకొచ్చాడు. ఆంగ్లం ధగధగలాడుతున్నది. దాని నిండా తాను సాధించాడని చెప్పిన విజయాలలో ఒక్కదానికి అర్థమడిగితే చెప్పలేకపోయాడు. యంత్రంమీద నాకు కోపం లేదు. మనం తెలుగులో రాసుకున్నదానిని చక్కని ఆంగ్లంలోకి మార్చిపెట్టమంటే బాగా మార్చిపెడుతుంది, మేమూ చేయించాము. ఏమీ ఇవ్వకుండా నన్ను గురించి రాయి అంటే అది మాత్రం ఏం చేస్తుంది? ఇంకో ఖమ్మం వాసిని తెచ్చిపెడుతుంది.

చివరగా బ్లాగ్మిత్రులతో ఒక మాట. ఈ పుటలు చదివేవారిలో సాఫ్ట్‌వేర్ వారే ఎక్కువని నాకు తెలుసు. మీలో చాలామంది ఆ బల్లకు అటువైపు కూర్చునేవారు. "మేమే చెప్తాం" అన్నమాట మీ నోటినుంచి కూడా వచ్చివుంటుంది. చెప్పారా? ఎంపిక కాలేదు అన్న ఒక్క పంక్తి పంపడానికి మీకు అరనిమిషం. ఆ పంక్తి రాక ఇక్కడొక ఇంట్లో నలభై రోజులు ఫోను మోగినప్పుడల్లా ఉలికిపడ్డారు. పద్యానికి యతి తప్పితే వ్యాఖ్యలలో రాత్రంతా చర్చించే ఓపిక ఉన్నవారు మీరు. ఆ ఓపికలో నూరవవంతు ఆ పిల్లలకు ఇవ్వలేరా?

మా కోదాడవానికి ఇంకా ఉద్యోగం రాలేదు. కొత్త పుటతో నాలుగుచోట్లకు వెళ్లాడు. అందులో ఒకచోట ఇరవై నిమిషాలు తేమయంత్రం గురించే అడిగారట. గడువు ఈ శుక్రవారంతో అయిపోయింది; వచ్చే శుక్రవారం రాయవలసిన లేఖ చిత్తుప్రతి వాడు అప్పుడే రాసిపెట్టుకున్నాడు. మిర్యాలగూడ అమ్మాయి సొంత సిమ్ము కొనుక్కున్నది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల మీ బంధువుల పిల్లలెవరైనా ఉంటే ఆదివారం పొద్దున తొమ్మిది తరువాత మా ఇంటికి పంపండి. రుసుము లేదు, టీ ఉంటుంది. పెన్‌డ్రైవు తేనక్కరలేదు. ఒక కలం, నాలుగు తెల్లకాగితాలు చాలు.